ముప్పైయా, ముప్పై రెండా

జులై 8, మంగళవారం

లైసెన్సు వచ్చింది.

కలెక్టరేట్‌లో గుమాస్తా "బధాయీ హో, మేడమ్" అంటూ చేతిలో పెట్టాడు. ఏమనాలో తెలియక థాంక్యూ అన్నాను. బయట వాన. ఆటోలో సంచిని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీదే వేసి కూర్చున్నాను. లోపల ఉన్నది ఇంకా కాగితమే...

సూర్యం డ్యూటీ దిగలేదు. ఆయన నడిపే గూడ్సు ఏ స్టేషన్లో సిగ్నల్ కోసం నిలబడి ఉందో. రమ్యకు చెప్పాను. "సచ్ మే, మమ్మీ? గన్?" అంది. కళ్లు పెద్దవి చేసి చూసి, మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయింది. పదిహేడేళ్ల పిల్ల. దాని వంతు భయం కూడా నేనే పడుతున్నాను.

జులై 9, బుధవారం

సూర్యం అన్నం కలుపుతూ ఆగిపోయారు.

"ఏటి, నిజంగానే కొంటావేటి? నీకు లైసెన్సు ఉందని తెలిస్తే చాల్దా వాళ్లకి?"

నేను చూస్తున్నానని తెలిసే కదా నా ల్యాబ్‌లో పనిచేసే టీకం చెయ్యి విరగ్గొట్టారు... పైకి అనలేదు. పప్పు వడ్డించాను.

జులై 11, శుక్రవారం

జరిగింది జరిగినట్టు వరసగా చెప్పుకోవడం అలవాటు చేసుకోమన్నారు వకీలు గారు. ఆగస్టులో నా సాక్ష్యం. ఎవరికి చెప్పుకోను? ఇక్కడే.

సిర్గిట్టిలో నాది బొగ్గు పరీక్షించే ల్యాబ్. టీకం నా శాంపిలర్. సైడింగ్‌లో గూడ్సు వ్యాగన్లెక్కి బొగ్గు నమూనాలు తీసి, సంచుల్లో పోసి, సీలు వేసి తెస్తాడు. ఆ రోజు తివారీ అనే వ్యాపారి మనుషులిద్దరు అతని సంచి లాక్కున్నారు. తాము తెచ్చిన మంచి బొగ్గు సంచిని ల్యాబ్‌కు పట్టుకెళ్లమన్నారు. పట్టుకెళ్లనన్నాడు. ఇనుపరాడ్‌తో కొట్టారు. అప్పుడే నేను కారు దిగుతున్నాను. ఇద్దరిలో పొడుగువాడు నన్ను చూశాడు. చూసి, ఇంకో దెబ్బ వేశాడు.

ఇంతే. చెప్తే ఇంతే ఉంటుంది.

ఇద్దరూ బెయిలు మీద బయటే తిరుగుతున్నారు. కొన్నాళ్లకు నా కారు అద్దం పగిలింది. ఆ తర్వాత రమ్య కోచింగ్ సెంటర్ వాచ్‌మన్‌ని ఎవరో అడిగారట — తెలుగు మేడమ్ కూతురు ఎన్నింటికి బయటికొస్తుందని. ఆ మర్నాడే లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను.

జులై 13, ఆదివారం

పెంటయ్య మావయ్య రాజ్‌కిశోర్ నగర్ నుంచి స్కూటర్ మీద తడుస్తూ వచ్చాడు. పోలీసులో రిటైరైన దగ్గర్నుంచి అమ్మ తమ్ముణ్ని ఇంత హుషారుగా చూడలేదు. తువ్వాలు అందించేలోపే మొదలు.

"ఏటి కొంటావు?"

"అందరూ కొనేదే, మావయ్యా. ముప్పై రెండు సైజు తూటాది."

"ఓలమ్మ! అది దోమల్ని తోలడానికే! నడుమున తొమ్మిది ఎంఎం పెట్టుకుని తిరిగినోణ్ని నేను. మనలాంటోళ్లకి సర్కారు తొమ్మిది ఇవ్వదు కాబట్టి ముప్పై రెండుతో సర్దుకున్నారు జనం, ఇన్నాళ్లూ. ఇప్పుడు కొత్త తూటా వచ్చీసింది. పాయింట్ త్రీ జీరో. ముప్పై! తొమ్మిదికి తమ్ముడనుకో."

ఫోను తీశాడు. వీడియో. జున్నుముక్కలాంటి పెద్ద దిమ్మ, అద్దంలా అవతలివైపు కనిపిస్తూ. మనిషి ఒంటికి బదులట. దానిలోకి తూటా. దిమ్మ ఒక్కసారి ఉబ్బి, వణికి, మళ్లీ సర్దుకుంది.

"చూసావా, ఎలగ దూసుకుపోనాదో! పైగా తూటా సన్నం. తొమ్మిది పట్టే చోటే ఇవి రెండు ఎక్కువ పడతాయి."

తూటా వెడల్పెంత అని అడిగాను. ఇంచుమించు ముప్పై రెండుదేనట. మరి తేడా? బరువెక్కువ, వేగమెక్కువ. ఆ వేగం ఎక్కణ్నించి వచ్చింది?

"నువ్వు కదా కెమిస్ట్రీ సదివినావు, నువ్వే సెప్పు."

ఒత్తిడి. ఆ చిన్న ఇత్తడి తొడుగులో పుట్టే ఒత్తిడి ముప్పై రెండుకు రెండింతలు దాటుతుంది. ల్యాబ్‌లో బొగ్గుపొడిని మందపాటి ఉక్కు పాత్రలో బిగించి, నీళ్లలో ముంచి కాలుస్తాం. బయటికి చప్పుడైనా రాదు. ఇది మాత్రం నా పిడికిట్లో, నా ముఖం ముందు.

మావయ్య భోంచేసి, వీడియోలన్నీ నా ఫోనుకు పంపి, వాన తగ్గకుండానే వెళ్లిపోయాడు.

జులై 14, సోమవారం

పనిమీద మనసు లేదు. బూడిద శాతం తప్పు రాసి కొట్టేశాను. మళ్లీ తప్పే.

మధ్యాహ్నం టిఫిన్ పక్కన పెట్టుకుని వీడియోలన్నీ చూశాను. అన్నిట్లోనూ అదే జున్నుముక్క, అదే దూరం, చివర్లో అదే చప్పట్లు. రైలెడు బొగ్గుకి, మొత్తం రేక్‌కి ఒక్క సంచి చూసి గ్రేడ్ ఇవ్వమంటే ఇస్తానా? ముప్పై రెండును జనం నూరేళ్లకు పైగా కాలుస్తున్నారు. ఎక్కడ మొరాయిస్తుందో, ఎక్కడ చాలదో అందరికీ తెలుసు. కొత్తదాని చెడ్డ ఫలితాలు ఇంకా రాలేదు. రాలేదంటే లేవని కాదు.

అయినా... ముప్పై రెండు చాలదనే మాట కూడా నూరేళ్లదే కదా.

జులై 16, బుధవారం

అసలు ఎక్కడ పెట్టుకుంటాను?

ఈ ప్రశ్న మావయ్య అడగలేదు. వీడియోల్లో ఎవరూ అడగలేదు — వాళ్లందరికీ ప్యాంట్లూ బెల్టులూ ఉన్నాయి. చీరలో కుదరదు. హ్యాండ్‌బ్యాగ్‌లో పెడితే, బ్యాగ్ లాక్కున్నవాడి చేతికి తుపాకీ కూడా ఇచ్చినట్టే. వదులు కుర్తా, లోపల గట్టి బెల్టు, కుడి తుంటి మీద. ఇదొక్కటే.

ల్యాబ్ నుంచి ఇనుప తూకం రాయి తెచ్చి నడుముకు కట్టుకుని హాల్లో నడిచాను. రమ్య సోఫాలోంచి చూసి పడీపడీ నవ్వింది. "మమ్మీ, పేట్ మే టిఫిన్ రఖా హై క్యా?" పొట్టలో టిఫిన్ డబ్బా దాచానా అట. నాకూ నవ్వొచ్చింది. వంగి చెప్పులు తీసుకోబోతే రాయి పక్కటెముకల్లో గుచ్చుకుంది. కూర్చుంటే కుర్తా పైకి లేచింది. నిలబడి సర్దుకున్నాను.

"అలా పదేపదే ముట్టుకోకు. అందరికీ తెలిసిపోతుంది" అంది రమ్య, నవ్వడం ఆపేసి.

జులై 19, శనివారం

రాయ్‌పూర్. ఉదయం బండిలో మావయ్యా నేనూ. దారంతా ఆయన గొంతే.

దుకాణంలో నెరిసిన మీసాల సేల్స్‌మన్ పచ్చటి గుడ్డ మీద మూడూ పేర్చాడు. ముప్పై రెండు రివాల్వర్. ముప్పై రెండు పిస్టల్. ఆ పక్కన కొత్తది.

రివాల్వర్‌కు తూటాల చక్రం బొద్దుగా ఉంది, తుంటి మీద దాగదు. ట్రిగ్గర్ చివరిదాకా లాగేసరికి వేలు వణికింది. పిస్టల్ పాతకాలపు ఉక్కు, బరువు, కానీ పలకలా చదునుగా ఉంది. కొత్తది పట్టుకున్నాను... నచ్చింది. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు? తేలిక, సన్నం. నా చెయ్యి కొలిచి చేసినట్టుంది. మావయ్య నా ముఖం చూసి గెలిచినట్టు నవ్వాడు.

వెనక ట్రయల్ గది. ఇసుక బస్తాలు, చెవులకు తొడుగులు. ముందు ముప్పై రెండు పిస్టల్. మొత్తినట్టు ఒక చప్పుడు, మణికట్టు కాస్త ఊగింది. కాగితం మీద చిల్లులన్నీ అరచేతి వెడల్పులో పడ్డాయి. ఇంత బాగా కొడతానని నేననుకోలేదు.

తర్వాత కొత్తది. తొడుగులున్నా చెవిలో సూది దిగింది. మంట వెలుగు కళ్ల ముందే. చెయ్యి పెద్దగా ఎగరలేదు, మావయ్య చెప్పింది నిజమే. కానీ రెండోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకున్నాను. మూడోసారీ అంతే. కాగితం మూలల్లో చిల్లులు. ఒకటి కాగితం బయటే ఎక్కడో.

మావయ్య కాల్చాడు. గుత్తిగా పడ్డాయి, ఒకదాని మీద ఒకటి. తొడుగులు తీసి నావైపు తిరిగినప్పుడు ఆ ముఖం... నా చిన్నప్పుడు యూనిఫాంలో ఇంటికొచ్చిన మనిషి.

"దీని తూటాలు ఎప్పుడూ దొరుకుతాయా?" సేల్స్‌మన్‌ని అడిగాను.

"అభీ తో హైఁ, మేడమ్. అగలా మాల్... దేఖతే హైఁ." ఇప్పటికైతే ఉన్నాయట, మళ్లీ సరుకు సంగతి చూడాలట.

"ముప్పై రెండువి?"

"జబ్ చాహియే." ఎప్పుడు కావాలంటే అప్పుడు.

తిరుగు బండిలో మావయ్య, "అలవాటయిపోద్ది, పార్వతీ. నాలుగు డబ్బాలు కాలిస్తే చెవి అదే అలవాటు పడిపోద్ది" అన్నాడు. ఆ నాలుగు డబ్బాలు ఎక్కణ్నించి వస్తాయి? కిటికీ వైపు తిరిగి నిద్ర నటించాను.

జులై 20, ఆదివారం

చెవిలో ఇంకా ఈల.

సూర్యం మణికట్టుకు బామ్ రాస్తూ అన్నారు: "కొనకు అనను. నేను డ్యూటీలో ఉంటే నువ్వూ పిల్లా ఒక్కళ్లే. కానీ ఒక మనిషిని కొట్టీసిన తర్వాత ఇంటికెలగొస్తావో, అదీ ఆలోచించు."

బామ్ ఇంకొంచెం వేలికి తీసుకున్నారు. ఆయనే మళ్లీ...

"నా బండి కింద మనిషి పడినప్పుడు ఎవ్వరూ నన్ను ఏటీ అనలేదు. బ్రేకు వేసీసాను, హారన్ కొట్టీసాను, అంతా రూలు ప్రకారమే. ఇప్పటికీ ఆ మలుపు దగ్గరకొస్తే హారన్ మీంచి చెయ్యి తియ్యలేను. పక్కనున్న అసిస్టెంటు నవ్వుతాడు."

ఇన్నేళ్లలో ఈ మాట మొదటిసారి. బామ్ మూత పెట్టి లేచి వెళ్లి స్నానం చేశారు.

జులై 22, మంగళవారం

ముప్పై రెండు పిస్టల్‌కే చెప్పేశాను. దుకాణానికి, ఫోనులో. ఆలోచిస్తే మళ్లీ మారిపోతానని.

వీడియోలో ఎంత లోతుకు దిగిందన్నది నాకక్కర్లేదు. నేను కాలిస్తే ఎక్కడ తగిలిందన్నదే కావాలి. కొత్తది మంచిదే కావచ్చు, మావయ్య చేతిలో. నా చేతిలో అది గోడకు తగిలింది.

మావయ్యకు చెప్పాను. "నీ ఇష్టమమ్మా. చావుకీ బతుక్కీ మధ్య ఒకోపాలి ఆ రెండు తూటాలే ఉంటాయి" అని పెట్టేశాడు.

సరైనదే చేశానా? చేశాను. చేశాననే అనుకుంటున్నాను. ఆ సన్నటి పిడి ఇంకా అరచేతిలో ఉన్నట్టుంది.

జులై 26, శనివారం

తెచ్చాం. పోలీసు స్టేషన్లో చూపించి నంబరు ఎక్కించుకున్నాం. బీరువాలో, నా నగల అరలో. తాళం నా దగ్గరే. రమ్యకు చూపించి, ఇది ఎప్పుడూ ముట్టుకోకూడదని చెప్పాను. ఈసారి నవ్వలేదు.

జులై 31, గురువారం

నడుమున పెట్టుకుని గోల్ బజార్‌కు వెళ్లాను. కావాలనే. జనంలో అలవాటు కావాలని.

ఎవరికీ తెలియలేదు. కూరగాయల ఆమె ఎప్పటిలాగే పుట్టగొడుగులు చూపించి తీసుకోమంది. వంగలేదు, మోకాళ్ల మీద కూర్చుని ఏరాను. గాజుల దుకాణం దగ్గర ఒకడు భుజం రాసుకుంటూ వెళ్లాడు. చెయ్యి దానంతటదే తుంటి మీదకు పోయింది. వాడు చంటిబిడ్డను ఎత్తుకుని ఉన్నాడు.

అప్పట్నుంచి ఇంకో చూపు మొదలైంది. మనుషుల్ని కాదు, మనుషుల వెనక ఎవరున్నారో చూస్తున్నాను. ప్రతివాడి వెనకా ఎవరో ఒకరు. పాలవాడి వెనక స్కూలు పిల్లలు. వాళ్ల వెనక దర్జీ. దూసుకుపోయే తూటా గొప్పదని మావయ్య అంటాడు. దూసుకుపోయి ఎక్కడ ఆగుతుంది? ముప్పై రెండే కాస్త నయం ఇందులో. కాస్త.

కొత్తిమీర కొనడం మర్చిపోయి వచ్చాను.

ఆగస్టు 2, శనివారం

టీకం పనిలోకొచ్చాడు. ఎముక అతక్క మళ్లీ ఆపరేషన్ చేసి వేసిన కట్టు విప్పారు. చెయ్యి సన్నబడిపోయింది, పిడికిలి పూర్తిగా మూసుకోదు. వ్యాగన్ ఎక్కనివ్వలేదు, ల్యాబ్‌లోనే సంచులకు చీటీలు అంటించే పని ఇచ్చాను.

పిస్టల్ సంగతి చెప్పాలా వద్దా... చెప్పాను. సాయంత్రాలు నా కారులోనే కదా వస్తాడు. ధైర్యంగా ఉంటాడనుకున్నాను.

జిగురు సీసా పక్కన పెట్టి నన్నే చూశాడు. "మోలా డర్ లాగథే, దీదీ."

భయమెందుకు, వాళ్లు వస్తే నా దగ్గర ఉంది కదా అన్నాను.

"వాళ్లు వస్తే రాడ్ పట్టుకుని వస్తారనుకున్నాను ఇన్నాళ్లూ. మీ దగ్గర తుపాకీ ఉందని తెలిస్తే తుపాకీతో వస్తారు. మీ దగ్గర ఒకటుంది. నా దగ్గర ఏముంది?"

లైసెన్సు ఊరికే దొరకదు, నాకే ఎన్నో నెలలు పట్టింది... అంటూ ఏదో చెప్పాను. టీకం తల ఊపి మళ్లీ చీటీలు తీసుకున్నాడు. ఎడమ చేత్తో అంటిస్తున్నాడు, వంకరగా.

ఆగస్టు 5, మంగళవారం

అక్షరాలు ఎలా వస్తే అలా.

సాయంత్రం సిర్గిట్టి నుంచి వస్తున్నాం. నేనూ టీకం. జోరువాన. రైల్వే గేటు పడింది. అద్దాలకు ఆవిరి పట్టిందని టీకం తన వైపు అద్దం కొంచెం దించాడు. గూడ్సు వెళ్తోంది, బొగ్గు రేక్. ఒక మోటార్‌సైకిల్ ఎడమవైపు వచ్చి ఆగింది. వెనక కూర్చున్నవాడు దిగి, దించిన అద్దం మీద వేళ్లు పెట్టాడు.

ఆ పొడుగువాడు.

"టీకం భాయ్. హాథ్ ఠీక్ హో గయా?"

చెయ్యి బాగయిందా అని నవ్వుతున్నాడు. వాన ముక్కు మీంచి కారుతోంది. టీకం "ఠీక్ హై, భయ్యా" అన్నాడు. భయ్యా అన్నాడు.

నా చెయ్యి పోయింది. కుడి తుంటి మీదకు. కుర్తా మీద సీటుబెల్టు, బెల్టు కింద గుడ్డ ముడతలు, దాని కింద పిస్టల్. వేళ్లకు గుడ్డ తప్ప ఏదీ దొరకలేదు. లాగితే బెల్టు ఇంకా బిగుసుకుంది. తలుపుకీ నాకూ మధ్య మోచెయ్యి ఆడలేదు.

"మేడమ్, నమస్తే. సోమవారం కోర్టు వాయిదా అటగా. వానల్లో రోడ్లు బాగోవు. చూసుకుని వెళ్లండి."

వాడికీ నాకూ మధ్య టీకం తల.

గేటు లేచింది. కారు పైకప్పు మీద తట్టి వెళ్లిపోయాడు. వెనకవాళ్లు హారన్లు. కారు కదల్లేదు, నేను గేరు వెయ్యలేదు. చెయ్యి ఇంకా కుర్తాలోనే ఉంది. టీకం మోటార్‌సైకిల్ వెళ్లిన వైపు చూడటం లేదు. నా చేతిని చూస్తున్నాడు.

పట్టాలు దాటగానే, "దీదీ, ఇక్కడ దిగుతాను" అన్నాడు. వద్దన్నాను. అప్పటికే తలుపు తీశాడు. గొడుగు కూడా లేదు.

ఆగస్టు 6, బుధవారం

పోలీసులకు చెప్పాం. "నమస్తే అనడం నేరం కాదు కదా, మేడమ్" అన్నారు. గేటు దగ్గర కెమెరా ఉందేమో చూస్తామన్నారు.

మావయ్య పరిగెత్తుకొచ్చాడు. అలక మర్చిపోయాడు. సూర్యం టీ ఇస్తుంటే కుర్చీలో ముందుకు జరిగి అన్నాడు: "అదే ముప్పై అయ్యుంటేనా! తలుపు రేకు కూడా దాటీసి..."

"టీకం తల కూడా దాటేదా, మావయ్యా?"

గట్టిగానే అన్నట్టున్నాను. లోపల్నించి రమ్య వచ్చి నిలబడింది. మావయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. తీసింది లేదు, కాల్చింది లేదు, బెల్టు కింద పడి ఉన్నదాని నంబరు ముప్పై అయితే ఏంటి, తొమ్మిది అయితే ఏంటి, ఫిరంగి అయితే ఏంటి... ఇంకా ఏవేవో అన్నాను. పెద్దవాణ్ని, నా కోసం తడుస్తూ వచ్చినవాణ్ని.

ఆయన లేచి, నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు.

ఆగస్టు 7, గురువారం

ఉదయాన్నే మావయ్య మెసేజ్. ఇంకో వీడియో. కింద రాశాడు: "ఇది చూడు. ఇది లోపలే ఆగిపోద్దంట. వెనకోళ్లకి తగలదు."

తెరవలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

టీకం పనిలోకి రాలేదు. ఫోను స్విచాఫ్.

ఆగస్టు 11, సోమవారం

నా సాక్ష్యం అయింది. సూర్యం సెలవు పెట్టి తీసుకెళ్లారు. కోర్టు లోపలికి ఆయుధాలు రానివ్వరు కాబట్టి పిస్టల్ బీరువాలోనే. తుంటి మీద ఏమీ లేకపోతే నడక తేడాగా ఉంది. ఇన్ని రోజుల్లోనే.

వరసగా చెప్పాను. సంచి, రాడ్, చెయ్యి, ఇంకో దెబ్బ. ఎక్కడా తడబడలేదు. అటువైపు వకీలు లేచాడు.

"మీరీమధ్య పిస్టల్ కొన్నారు కదా?"

కొన్నాను.

"కొనే ముందు ఏ తూటా మనిషి శరీరంలోకి ఎంత దిగుతుందో దుకాణాల్లో తిరిగి విచారించారు కదా?"

మా వకీలు అభ్యంతరం చెప్పారు. కానీ నేను అప్పటికే "అవును" అనేశాను. నిజమే కదా. జడ్జి గారు తలెత్తి చూశారు. ఆ ఇద్దరూ వెనక బెంచీలో చేతులు కట్టుకుని, నూనె రాసుకుని, గుడికొచ్చినట్టు కూర్చున్నారు. ఆ గదిలో అందరూ భయపడాల్సిన మనిషి నేనే అయినట్టు...

రాయ్‌పూర్ సంగతి వాళ్లకెలా తెలిసింది?

బయటికొచ్చాక వకీలు గారు అన్నారు, "మీది పర్వాలేదు. దెబ్బ తిన్నవాడు చెప్పకపోతే మాత్రం కేసు నిలవదు." టీకం సాక్ష్యం పందొమ్మిదిన.

ఆగస్టు 13, బుధవారం

సూర్యంతో కలిసి టీకం అక్క ఇంటికి వెళ్లాను. టీకం లేడు, ఊరికి వెళ్లాడంది. తలుపు సగమే తీసింది. లోపల అతని చెప్పులు కనిపించాయి. నేను చూశానని ఆవిడకూ తెలిసింది. తలుపు ఇంకాస్త దగ్గరకు వేసింది.

ఆగస్టు 16, శనివారం

రేంజ్‌కి వెళ్లి కాల్చి వచ్చాను. కుర్చీలో కూర్చుని, బెల్టు పెట్టుకుని, తియ్యడం. మళ్లీ. మళ్లీ. ఎడమవైపు పెట్టుకుంటే సీటుబెల్టు అడ్డం రాదు. చేతికి వస్తోంది, త్వరగా. నేర్పే ఆయన "బహుత్ బఢియా" అన్నాడు.

కొత్త ముప్పై అక్కడ ఒకాయన దగ్గర ఉంది. కాల్చి చూడమన్నాడు. చూశాను. ఈసారి కళ్లు మూసుకోలేదు. కాగితం మధ్యలోనే పడ్డాయి... మావయ్య చెప్పినట్టే అలవాటైపోయింది. సంతోషం వెయ్యలేదు. ఇంటికొచ్చి ఆయనకు ఫోన్ చేసి చెబితే, "అదీ!" అన్నాడు. అని వెంటనే, "భోంచేసావేటమ్మా?" అన్నాడు.

ఆగస్టు 18, సోమవారం

టీకం ఫోన్ చేశాడు. వాళ్ల అక్క నంబరు నుంచి.

"రేపు వస్తాను, దీదీ. చెప్తాను."

ఏడుపు రాబోయింది.

"బస్సులో అయితే వాళ్లు దారిలో దింపేస్తారు. మీ కారులోనే వస్తాను. కానీ అది ఉంటే ఎక్కను. ఆ రోజు వాడు చేత్తో వచ్చాడు, మాటతో పోయాడు. మీరు తీసుంటే మధ్యలో నేనే కదా."

"సరే, టీకం."

"కసమ్?" ఒట్టు వెయ్యమన్నాడు.

"కసమ్."

సూర్యానికి చెప్పాను. రేపు ఆయనకు డ్యూటీ, తప్పదు. "వాడికి మాటిచ్చీసావు కదా" అన్నారు. మళ్లీ ఆయనే, "కానీ ఆ గేటు దాటే వెళ్లాలి మీరు" అన్నారు.

ఆగస్టు 19, మంగళవారం

ఉదయం. వాన ఆగలేదు. సూర్యం డ్యూటీకి వెళ్లిపోయారు. రమ్యను మావయ్య ఇంట్లో దింపి వచ్చాను.

బీరువా తీశాను. పెట్టుకున్నాను, ఎడమవైపు. తీసేశాను. బీరువా మూశాను. వకీలు గారికి ఫోన్ చేస్తే, కోర్టు బయట పోలీసు చౌకీలో అప్పగించి లోపలికి రావచ్చన్నారు. మళ్లీ తెరిచాను. కసమ్ అన్నాను. ఆ గేటు... ఈసారి వాడు చేత్తోనే వస్తాడని ఎవరు చెప్పగలరు? టీకం పక్కనుంటాడు. అతన్ని ప్రాణాలతో కోర్టుకు చేర్చాల్సింది కూడా నేనే కదా.

మళ్లీ పెట్టుకున్నాను. అద్దం ముందు నిలబడ్డాను. కూర్చుని చూశాను, వంగి చూశాను. కుర్తా ఎక్కడా లేవలేదు, ఎక్కడా ఉబ్బలేదు. చెయ్యి కూడా ఇప్పుడు అటు పోవడం లేదు. రమ్య ఉన్నా కనిపెట్టేది కాదు. టీకం అసలే కనిపెట్టలేడు. నేను చెప్పకపోతే.

ఫోను మోగింది. టీకం. సందు చివర నిలబడ్డాడట.

కారు తాళాలు చేతిలో ఉన్నాయి. ఇంకా అద్దం ముందే ఉన్నాను.